రెండు చుక్కల ఫ్రేమ్ కోసం కోరాపుట్ నుంచి రాయగడ దాకా

పాత రేసింగ్ గో-కార్టులు బాగుచేయడం నా హాబీ. గో-కార్ట్ అంటే నేలకు జానెడు ఎత్తులో పైపులు అతికించి చేసిన ఫ్రేమ్, నాలుగు చిన్న చక్రాలు, పక్కన ఓ చిన్న ఇంజను. అంతే. స్ప్రింగులు, తలుపులు, కప్పు ఏవీ ఉండవు. విజయనగరంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇలాంటివి రెండు తుప్పు వదిలించి నడిచే స్థితికి తెచ్చాను. మూడోదానికి ఇంజను దొరికింది కానీ ఫ్రేమ్ దొరకలేదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే మనిషిని ఆదివారమంతా కిరసనాయిలు వాసనేసుకుని తిరుగుతుంటే మా ఆయన "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది" అంటాడు. అననీ. ఇనుము ముక్క చూసి దాని కథంతా చెప్పగలనని నాకు గర్వం. ఆ గర్వం వల్లే ఇది రాయాల్సి వచ్చింది.

కోరాపుట్ దగ్గర ఓ కర్మాగారం టౌన్‌షిప్‌లో ముప్పై ఏళ్ళ పైమాట, తెలుగు టెక్నీషియన్లు కొందరు షిఫ్టు దిగాక సొంత షెడ్డులో నాలుగు కార్టులు తయారుచేసి, చలికాలంలో ఓ ఖాళీ మైదానంలో పందేలు వేసుకునేవారట. మా కాలేజీలో రిటైరైన మాస్టారొకరు చెప్పారు. మూడు తుక్కులో కలిసిపోయాయి. నాలుగో దాని ఫ్రేమ్ రాయగడలో పార్వతమ్మ అనే ఆవిడ ఇంట్లో ఉంది. ఆ బండి మీదే ఆవిడ భర్త జగ్గారావు చనిపోయాడు. ఆ సంగతి తెలిసే బయల్దేరాను. ఫోన్ చేస్తే ఆవిడ "వచ్చి పట్టుకుపో అమ్మి, దాన్ని సూడ్డం నాకూ ఇసుగొచ్చేసింది" అంది. ఆ ఫ్రేమ్‌ని వెల్డింగ్ చేసిన సూర్నారాయణ ఇప్పుడు కకిరిగుమ్మలో ఉన్నాడనీ, చక్రాలను పట్టి ఉంచే బ్రాకెట్ల కోణాలకు కొలతగా కోసుకున్న అట్టముక్కలు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయనీ తెలిసి, దారిలో ఆయన్ని కూడా కలుద్దామనుకున్నాను.

విజయనగరం నుంచి సాలూరు, సుంకి ఘాటు మీదుగా కోరాపుట్ బస్సులో ఐదు గంటలు పట్టింది. టిక్కెట్టు రెండు వందల పైచిలుకు. వానాకాలంలో ఘాటులో పొగమంచు పట్టేసి బస్సు నడక వేగంతో పోతుంది కాబట్టి, సాయంత్రం లోపు చేరేలా మధ్యాహ్నానికే ఎక్కేయండి. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఎనిమిది వందలు. దుప్పటి తడిగా ఉంది, వేడినీళ్ళు ఉన్నాయన్నారు గానీ రాలేదు. పొద్దున్న ఆరింటికి స్టేషన్‌కి ఆటో మాట్లాడుకుంటే వంద అడిగాడు. స్టేషన్ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది కాబట్టి బేరమాడలేదు. కకిరిగుమ్మ వెళ్ళాలని చెప్పాను. డ్రైవరు పార్వతీపురం వైపు మనిషి. వాళ్ళ నాన్న ఆ టౌన్‌షిప్‌లోనే పనిచేసి రిటైరయ్యాడట.

"కకిరిగుమ్మలో ఎవరింటికమ్మా?" అని అడిగాడు.

పేరు చెప్పాను. అద్దంలోంచి నన్నోసారి చూశాడు.

"ఆ తాగుబోతు సూర్నారాయనా? తాగి ఎల్డింగ్ సేసి మనిసిని సంపీసేడు కదమ్మా. మా నాన్న ఇప్పటికీ సెప్తాడు. రెండు సుక్కలేసేనని ఆడి నోటితో ఆడే ఒప్పుకున్నాడంట."

తాగి వెల్డింగ్ చేసే మనిషి దగ్గర కోణాల అట్టలు తీసుకుని ఏం చేస్తానా అనిపించింది.

రైలు ఏడు లోపే బయల్దేరింది. ఈ లైనులో రోజుకి ఉన్నవే తక్కువ బళ్ళు, వేళలు మారుతుంటాయి, ముందురోజే కనుక్కోండి. కోరాపుట్, రాయగడల మధ్య సొరంగాలు చాలా ఉన్నాయని, కిటికీ పక్క కూర్చోమని అందరూ చెబుతారు. కూర్చున్నాను. వాన జల్లు తప్ప ఏమీ కనబడలేదు. గంట పైన ప్రయాణం చేశాక కకిరిగుమ్మలో దిగితే ప్లాట్‌ఫారం చివర గొడుగు పట్టుకుని ఓ సన్నటి ముసలాయన నిలబడి ఉన్నాడు. డెబ్బైకి దగ్గర పడి ఉంటాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు.

"నువ్వేనా అమ్మి, సక్రాల బళ్ళు బాగుసేసీది? రా, ముందు ఏదైనా తాగుదువు గాని," అన్నాడు.

స్టేషన్ వెనకే ఒక గది ఇల్లు, దానికి ఆనుకుని షెడ్డు. భార్య పోయి నాలుగేళ్ళయిందట, ఒక్కడే ఉంటున్నాడు. ఇత్తడి గ్లాసులో సోడంబలి, అదే రాగి అంబలి, పోసి, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఇచ్చాడు. చలికి అది గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. అట్టముక్కలు ఓ పాత సూట్‌కేసులో ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి పెట్టాడు. ఒక్కోదాని మీద పెన్సిలుతో కుడి, ఎడమ అని రాసి ఉంది. ఇంత శుభ్రంగా పనిచేసే మనిషి తాగి వెల్డింగ్ ఎలా చేశాడన్నది నాకు మింగుడు పడలేదు.

ఆయన చేతిలో ఓ బడి గేటు పని ఉంది. మాట్లాడుతూనే ముఖానికి అద్దం పెట్టుకుని రెండు ఊచలు కలిపి పట్టుకున్నాడు. "ముందు సుక్కలెట్టుకోవాల. నాలుగు మూలలా సుక్కలేసి, మూలమట్టం సూసుకుని, అప్పుడు నిండా కుట్టాల. తొందరపడి కుట్టీసేవా, ఇనుము వంకరైపోద్ది."

"చుక్కలేమిటి బాబాయ్?"

"అదే, మీరు ట్యాకింగంటారు. ఫ్యాక్టరీలో నానూ అలాగే అనీవోణ్ణి. పని నేర్సుకున్నది రాజాంలో. మా గురువు సుక్కలనీవోడు. బయటికొస్తే నా నోటికదే వొస్తాది."

గ్లాసు కింద పెట్టాను. రెండు ముక్కలు కదలకుండా తాత్కాలికంగా పెట్టే చిన్న అతుకే ట్యాకింగ్. బరువు మోయడానికి అది పనికిరాదు.

"బాబాయ్, మీకు తాగుడు అలవాటుందా?"

"నాకా? సారా వోసనొస్తేనే డోకొస్తాది. మా అయ్య దానికే పోనాడు."

"మరి రెండు చుక్కలేశానని మీరు అన్నది వెల్డింగ్ సంగతి కదూ?"

ముఖం మీది అద్దం పైకెత్తి, మిషను ఆపేశాడు.

"ఎవులు సెప్పేరు నీకు?"

ఆటో డ్రైవరు అన్నది చెప్పాను. ఆయన తలూపాడు. "ఎడమ సక్రం కాడ బ్రాకెట్టుకి రెండు సుక్కలేసేను, కరెంటెల్లిపోయింది. రేపు నిండా కుడదామని ఒగ్గీసేను. జగ్గన్న సెకండ్ షిప్టులో ఉన్నాడు. పందెం మూడ్రోజుల్లో ఉందని తెల్లారగట్ల బండి తీసీసేడు. మలుపు కాడ సక్రం ఊడిపోయి కల్వర్టుకి కొట్టీసింది."

"ఆయనకి ముందే చెప్పాల్సింది కదా?"

"కబురెట్టేను. అందలేదు."

ఎవరితో పెట్టారని నేను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ ప్రయాణం ఇలా అయ్యేది కాదు. నా బుర్ర అప్పటికే వేరే దారిలో పరుగెడుతోంది. ఎవరో ఓ పనిమాట తెలియక ఒక మనిషికి జీవితమంతా తాగుబోతన్న పేరు అంటగట్టారు! నాకు నిజంగా కోపం వచ్చింది.

"తాగలేదని ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"సెప్తే ఏటొస్తాది? సుక్కలెట్టి ఒగ్గీసినోణ్ణి నానే. తప్పు నాది కాదా?" అని లేచి అట్టముక్కలు సంచిలో సర్దాడు. సంచి నా చేతికిస్తూ వదల్లేదు. "అమ్మి, ఓ మాట. ఫ్రేమ్ సూసుకో, పట్టుకెల్లిపో. ఈ సుక్కల మాట మాత్రం పార్వతమ్మొదిన కాడ ఎత్తకు. నాకు మాటియ్యి."

ఇచ్చాను. ముసలాయన మొహమాటం అనుకున్నాను.

కకిరిగుమ్మ నుంచి రాయగడకు పదిన్నర బస్సు దొరికింది. లక్ష్మీపూర్ మీదుగా రెండున్నర గంటలు, టిక్కెట్టు నూట ఇరవై. రోడ్డు మీద అక్కడక్కడ మట్టి జారి ఉంది, బస్సు దిగి నడవాల్సి వస్తుందేమో అని అందరం మెడలు చాచి చూస్తూ కూర్చున్నాం. నేను మాత్రం సగం దారి ఆ ముసలాయన గురించే ఆలోచించాను. బోర్డు మీద తప్పు లెక్క కనిపిస్తే అది నా క్లాసు కాకపోయినా తుడిచి సరిగ్గా వేసేదాకా నాకు నిద్రపట్టదు. పిల్లలు దీని మీద నవ్వుకుంటారని కూడా తెలుసు. మాటిచ్చాను కదా అని ఒకసారి, తప్పినా మంచి కోసమే కదా అని ఒకసారి అనుకున్నాను. రాయగడ వచ్చేసరికి మంచి కోసమే అన్నది గెలిచేసింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

రాయగడ బస్టాండు నుంచి పార్వతమ్మ ఉండే వీధికి ఆటో అరవై రూపాయలు. ఆవిడకు అరవైకి కాస్త తక్కువ ఉంటాయి. గుణుపూర్ దగ్గర రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. భర్త పోయాక టౌన్‌షిప్ క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చి, కుట్టుమిషను మీద కూతుర్ని పెంచి పెద్దచేసింది. కూతురు బిస్సమ్ కటక్‌లో టీచరు. నేను వెళ్ళేసరికి అన్నం, కూరగాయలేసిన పప్పు దాల్మా, అరటికాయ వేపుడు సిద్ధంగా ఉన్నాయి. కొసరి కొసరి వడ్డించింది. "ఆడపిల్లవి, ఇనుం పనేటమ్మి?" అని నవ్వింది కూడా. ఆ నవ్వు చూసిన ఆఖరి బయటిమనిషిని నేనేనేమో.

ఫ్రేమ్ పెరట్లో ఉంది. గోడకి నిలబెట్టి ఉన్న దాని మీదికి ముప్పై ఏళ్ళుగా బీరపాదు పాకిస్తోందట. నేను తీసుకెళ్తానని ఆ పొద్దున్నే పాదు కోసేసి, తీగలన్నీ విడదీసి, గుడ్డతో పైపులు తుడిచి పెట్టింది. నేను టార్చి, వైరు బ్రష్షు తీసి కూర్చున్నాను. వెనక భాగం బాగుంది. పైపులు మందంగా, వంపులు ఒకే తీరుగా ఉన్నాయి. వెల్డింగ్ గీతలు వేలితో తడిమితే జడ పాయల్లా వరసగా తగిలాయి. ఎడమ ముందు మూలకు వచ్చాను. అక్కడ బ్రాకెట్ లేదు. తుప్పు గీకితే పైపు మీద మిరియపు గింజంత మచ్చలు రెండు కనబడ్డాయి, లోహం చిరిగిన గరుకుతో. రెండే. మిగతా పైపంతా నున్నగా ఉంది.

నా భుజం మీంచి ఆవిడ వంగి చూసింది.

"అక్కడే ఇరిగింది. తాగినోడి సేతి పని. నా పిల్ల పెల్లికి అచ్చింతలేస్తానని వచ్చేడు, గేటు కాడినించే ఎనక్కి పంపీసేను. మా ఆయన తద్దినం రోజున ఏటా ఆ గేటు బయట నిలబడి ఎల్లిపోతాడు. ఒక్క సారైనా గ్లాసుడు నీల్లు ఇవ్వలేదు. ఇవ్వను," అంది.

అప్పుడు నోరు తెరిచాను. క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడాను. టార్చి వేసి వేలితో చూపించాను. "ఆయన తాగలేదమ్మా. తాగుడంటేనే ఆయనకి పడదు. ఇదిగో, ఇదో చుక్క, ఇది రెండోది. వెల్డింగ్‌లో ముక్కలు కదలకుండా ముందు పెట్టే అతుకుని ఆయన చుక్క అంటారు. కరెంటు పోయి పని ఆగిపోయింది. రెండు చుక్కలేశానంటే పని ఇంకా అవ్వలేదు, బండి తీయొద్దని అర్థం. విన్నవాళ్ళెవరో సారా చుక్కలనుకున్నారు. అంతే!"

చెప్పి ఆవిడ వైపు తిరిగాను. మెచ్చుకుంటుందనుకున్నానో ఏమో. ఆవిడ బట్టలుతికే బండ మీద చతికిలబడింది.

"మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. ఈసారి నా గొంతు తగ్గింది, ఎందుకో తెలియకుండానే.

"బండి తియ్యొద్దనా?"

"అవునమ్మా."

"ఆ మాట నాతోనే అన్నాడు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ నన్ను చూడకుండా, కోసేసిన బీరపాదు మొదలు చూస్తూ చెప్పింది. "సీకటి పడతంటే గేటు కాడికొచ్చేడు. ఒదినా, జగ్గన్నతో సెప్పు, రెండు సుక్కలే ఏసేను, మిగతాది రేపేస్తాను అన్నాడు. సిగ్గులేదా, తాగొచ్చి ఆడాల్లకి లెక్క సెప్తావా అని మొకం మీదే తలుపేసీసేను. ఆయన డూటీ నించి వచ్చి అన్నం తింటా అడిగేడు, సూర్నారాయనొచ్చేడా అని. రాలేదన్నాను. తాగుబోతోడి మాట కంచం కాడెందుకని. రాలేదన్నానమ్మి."

గోరుచుట్టు మీద రోకటిపోటంటారు, ఆ రోకలి నా చేతిలోనే ఉంది.

"తాగేడని కాలనీ క్లబ్బులో పెద్దలకి సెప్పింది నానే. రెండు సుక్కలేసేనన్నావా లేదా అని ఆల్లు అడిగితే, అన్నానన్నాడు. తలొంచుకుని ఒకటే మాట, అన్నానని." అప్పుడు నా వైపు తిరిగింది. "నాను కబురు సెప్పలేదని ఆడికి తెలుసు కదూ?"

అబద్ధం చెప్పాల్సిన చోటు అదొక్కటే. అప్పుడు నాకు నోరు రాలేదు. ఆవిడకు జవాబు నా మొహంలోనే దొరికింది.

"ఇన్నేల్లూనా?" అంది.

వీధి వసారాలోకి వచ్చి సూర్నారాయణకి ఫోన్ చేశాను. నేనేం చెప్పకముందే, నా ఊపిరి విని కాబోలు, "సెప్పీసేవా?" అన్నాడు. ఏడుస్తూ క్షమించమన్నాను. తిడితే బాగుండు. తిట్టలేదు.

"ఆ ఇంట్లో ఇంకెవులున్నారు?"

"ఎవరూ లేరు బాబాయ్."

"తలుపేసుకోనీకు. కూతురికి ఫోన్ సెయ్యి. అమ్మాయొచ్చీదాకా ఒక్కర్తినీ ఒగ్గీసి కదలకు," అన్నాడు. "నాను రానమ్మి. నన్ను సూస్తే ఇంకా పాడైపోద్ది."

పెరట్లోకి వెళ్ళి ఫోన్ ఆవిడ ముందు పట్టుకున్నాను. ఆవిడ దాన్ని చూసింది, తీసుకోలేదు. అవతల ఆయన "ఒదినా, ఒదినా" అని రెండుసార్లు పిలిచి పెట్టేశాడు.

ఆవిడ ఫోన్లోంచే కబురు చేస్తే, కూతురు వచ్చేసరికి ఐదు దాటింది. నాకు మూడింటికి విజయనగరం బండి ఉంది, అది వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఆవిడా నేనూ పెరట్లోనే ఉన్నాం. జల్లు పడినా లోపలికి రమ్మంటే రాలేదు, ఫ్రేమ్ పక్కనే కూర్చుంది. కూతురు కంగారుగా "ఏటైందమ్మా?" అంటే "ఈవిడ ఈ ఇనుప సట్రం కోసం వచ్చింది. ఇవ్వనన్నాను" అని మాత్రం చెప్పింది. ఇరవై మూడేళ్ళ వయసులో భర్తని పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు రెండోసారి పోగొట్టుకుంటున్నానని కూతురికి కూడా చెప్పుకోలేకపోయింది. నేను అట్టముక్కల సంచి తీసుకుని గేటు దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. దగ్గరికి వెళ్ళాను.

"నువ్వు రాకపోయినా బాగుణ్ణమ్మి," అంది. కోపంగా కాదు. నిజం అదే కాబట్టి అంది.

తరువాతి బండికి జనరల్‌లో నిలబడి వచ్చాను. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమని చిన్నపిల్లలకు కూడా నేర్పుతాం. నేను నోరు జారలేదు, కావాలనే తెరిచాను, అది ఇంకా పెద్ద తప్పు. ఆ ముసలాయన తాగుబోతన్న పేరుని ఒకరు రుద్దారని మోయలేదు, ఆవిడకి తగలకుండా అడ్డం పెట్టి పట్టుకున్నాడు. నేను దాన్ని తుప్పనుకుని గీకేశాను. పాత వస్తువు బాగుచేయడమంటే పైన పట్టినదంతా వదిలించి అసలు లోహం బయటపెట్టడమని ఇన్నాళ్ళూ నా విద్యార్థులకు చెప్పాను. కొన్ని ఇళ్ళలో ఆ పైన పట్టినదే మనిషిని నిలబెడుతుందని నాకు తెలియదు. ఇది రాసే ముందు సూర్నారాయణకి ఫోన్ చేసి అడిగాను. "పేర్లు మార్సి రాయి. ఇంకెవులైనా ఇలాంటి ఇంటికెల్తారేమో," అన్నాడు. మార్చాను. పార్వతమ్మ గారు నా ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తమని అడిగే హక్కు నాకు లేదు.

ఇలా పాత రేసు బండి ఫ్రేముల కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళకు ఒక్క సలహా. టార్చి, కొలత టేపు, వైరు బ్రష్షు వెంట పెట్టుకోండి, విరిగిన చోటు ముందుగా చూసుకోండి. ఆ బండి మీద మనిషి పోయిన ఇల్లయితే, ఇంట్లోవాళ్ళు మీ వెనక నిలబడి ఎలా విరిగిందని అడిగితే, మీకు ఏం కనబడినా సరే, తుప్పు పట్టిందని చెప్పండి.